గిడ్డంగి ఎందుకు కూలిందంటే

“మా ఇంట్లో ఆలోచించకుండా ఎవరూ అన్నం ముద్దయినా ఎత్తరు,” అని బంగారయ్య, గవరయ్య, పోలయ్య అనే అన్నదమ్ములు ఊరంతా చెప్పుకునేవారు. అందుకే ఒకనాటి పొద్దున వాళ్ళ రెండంతస్తుల గిడ్డంగి దభాలున కూలిపోతే, ముగ్గురూ ధాన్యం సంగతి చూడలేదు. ఎదురుగా చతికిలబడి ఆలోచన మొదలుపెట్టారు.

“తాతగారి కాలం నుంచి నిలబడే ఉంది. కాళ్ళు లాగి కూర్చుంది పాపం,” అన్నాడు పెద్దవాడు బంగారయ్య.

“కాదన్నయ్యా, పావురాలు! అన్నీ ఒక్కసారి ఎగరబోయి కప్పును పైకి లేపాయి. మోయలేక వదిలేశాయి,” అన్నాడు గవరయ్య.

“లోపల ఎవరో తుమ్మారు,” అన్నాడు పోలయ్య.

బంగారయ్య భార్య చిట్టెమ్మ మట్టిలోంచి బస్తాలు లాగుతూ, “మొన్న స్నానాల గదికని దాని పునాది రాళ్ళు పీకారు కదా! కూలక ఏం చేస్తుంది?” అంది.

ముగ్గురూ పొట్ట పట్టుకుని నవ్వారు. “వదినా, మేం రాళ్ళు తీసింది కింద. పడింది పైకప్పు! కింద తీస్తే పైన ఎందుకు పడుతుంది?” అన్నాడు గవరయ్య జాలిగా.

“సరే మహానుభావా! మబ్బు కమ్ముకొస్తోంది. మన ఏడాది తిండి ఇదే. ముందు ఇంట్లోకి చేర్చండి.”

చేర్చారు. “ఇంటి కప్పు కారుతుంది. నేను పక్కింట్లో టార్పాలిన్ అడిగి తెస్తాను. ధాన్యం మీద ఒక కన్నేసి ఉంచండి,” అని చిట్టెమ్మ వెళ్ళింది. అంతే! ముగ్గురూ తలా ఒక కన్ను మూసుకుని కూర్చున్నారు.

“ఈలోగా కారణం తేల్చేద్దాం,” అన్నాడు బంగారయ్య. ఇంకేముంది! ముక్కుపొడి పీల్చి ముగ్గురూ ఎడాపెడా తుమ్మారు. ఇల్లు కదల్లేదు. పోలయ్య చిన్నబుచ్చుకున్నాడు. కప్పు మీది పావురాలను అదిలించారు. కప్పు లేవలేదు. “ఇవి బక్కవి,” అన్నాడు గవరయ్య. బంగారయ్య గోడకు చెవి ఆనించి, “కాళ్ళు లాగుతున్నాయా?” అని అడిగాడు. గోడ పలకలేదు.

“ఇక మిగిలింది వదిన మాటే. అదీ తప్పని చూపిస్తే ఆవిడ మనసు కుదుటపడుతుంది,” అన్నాడు పోలయ్య.

గునపాలు తెచ్చారు. ఇంటి మూల కింద ఒక రాయి పీకారు. ఇల్లు నిలబడే ఉంది. “చూశారా!” అని చప్పట్లు కొట్టారు. ఇంకొకటి పీకారు. ఆ పక్కదీ పీకారు. గోడ ఫెళఫెళమంది. అంతే, గునపాలతో సహా వీధిలోకి దూకారు, ఒక కన్ను మూసుకునే. వెనకే ఇల్లు ధాన్యం మీద పడింది. దాని మీద వాన పడింది.

చిట్టెమ్మ వచ్చి చూసి, తడిసిన గింజలు పిడికిట్లో పట్టుకుని కూలబడింది.

“ఏడవకే,” అన్నాడు బంగారయ్య. “ఈసారీ కిందే తీశాం. ఈసారీ పడింది పైకప్పే! ఇప్పటికైనా మా మాట నమ్ముతావా?”

చిట్టెమ్మ లేచింది. టార్పాలిన్ నెత్తిన కప్పుకుని పుట్టింటి దారి పట్టింది. కొంత దూరం పోయాక వెనక్కి తిరిగితే, ముగ్గురూ భుజాన గునపాలతో వస్తున్నారు.

“మీరెందుకయ్యా?”

“నీకింకా అనుమానంగానే ఉన్నట్టుంది వదినా,” అన్నాడు గవరయ్య. “మీ నాన్నగారిది మూడంతస్తుల మేడ కదా! అక్కడైతే గట్టిగా తేలిపోతుంది.”