అరిసె మీద మడమ గుర్తు

విశ్వంభరంగారికి పొద్దున్నే శిష్యుణ్ణి వెంటబెట్టుకుని పార్కులో నడవడం అలవాటు. ప్రశ్న వేస్తే వెంటనే బదులు చెప్పకపోవడం ఇంకో అలవాటు. ఆ రోజు శిష్యుడు కేదారి అడిగాడు: “రోజూ కళ్ళు మూసుకుని కూర్చుంటున్నానండీ. శాంతి వచ్చిందా, వచ్చిందా అని లోపలికి తొంగి చూస్తూనే ఉన్నాను. రాదేమండీ?”

గురువుగారు నవ్వి బెంచీ మీద కూర్చున్నారు. మంచు ఇంకా గడ్డిని వదల్లేదు. ఎండ ఆకుల సందుల్లోంచి, పిలవకుండా వచ్చిన చుట్టంలా మెల్లగా దిగి, అందరి భుజాల మీదా చెయ్యి వేస్తోంది.

ఎదురుగా ఒక కుటుంబం ఉంది. పసిపిల్ల తొలి అడుగులు వేస్తే అరిసెలు వండి, వాటి మీద నడిపించి, నలుగురికీ పంచడం మనవాళ్ళ వేడుక కదా! అపార్టుమెంటులో కాలికి మట్టి తగలదని బామ్మ అందర్నీ ఇక్కడికి తీసుకొచ్చింది. గడ్డి మీద తెల్ల పంచె పరిచి అరిసెలు వరసగా పేర్చారు. వాటి ముందు పట్టు పరికిణీ కట్టుకున్న మేఖల, చిన్న దేవతలా కూర్చుని ఉంది. లేవదు.

“రామ్మా మేఖలా!” అని తండ్రి చప్పట్లు కొట్టాడు. “బంగారుతల్లీ, ఒక్కడుగు!” అని బామ్మ గిలక్కాయ ఆడించింది. ఎంత పిలిస్తే పాప అంత గట్టిగా నేలకు అతుక్కుంది. కేదారికి కూడా హుషారొచ్చి చప్పట్లు మొదలుపెడితే, గురువుగారు చెయ్యి పట్టుకుని ఆపారు. “నువ్వు కూడానా?”

చివరికి బామ్మ కోడలి వైపు తిరిగింది. “నడిచింది నడిచిందన్నావు. నువ్వు తప్ప చూసినవాళ్ళు లేరు. నీ మాట నమ్మి నిన్నంతా పాకం ముందు కూర్చున్నానే హైమా! పక్కవాటాల వాళ్ళందరికీ చెప్పుకున్నాను కూడా.”

“నడిచింది అత్తయ్యా. వంటింట్లో నా దగ్గరికే...” హైమ మాట సగంలోనే వదిలేసింది. పార్కు కొళాయి దగ్గరికి వెళ్ళి, అటు తిరిగి మొహం కడుక్కోసాగింది. మొహం ఎప్పుడో శుభ్రమైపోయింది. అయినా కడుక్కుంటూనే ఉంది.

“చేసినవి ఎలాగూ చేశాం, మీరైనా తినండి బాబుగారూ” అంటూ బామ్మ డబ్బా తెరిచి బెంచీ దగ్గరికి వచ్చింది. నేతి వాసనకి తండ్రీ వచ్చాడు. అందరి తలలూ డబ్బా మీదికి వంగాయి.

కొళాయి దగ్గర హైమ చీర చెంగు ఎవరో లాగారు. ఆమె తిరగలేదు. “నిజంగా నడిచింది అత్తయ్యా, ఒట్టు” అంది. మళ్ళీ లాగారు. వెనక్కి తిరిగితే ఎవరూ లేరు. అప్పుడు కిందికి చూసింది.

ఆమె కేకకి అందరూ పరిగెత్తారు. బామ్మ మాత్రం పంచె దగ్గర ఆగింది. ఒక అరిసె మీద చిట్టి మడమ దిగి ఉంది. దాన్ని రెండు చేతులతో తీసి, నడిచి వెళ్ళి కోడలికి ఇచ్చింది. “ముందు నువ్వు తినవే” అంది. కొళాయి కట్టెయ్యడం ఎవరికీ గుర్తు రాలేదు. నీళ్ళు ఎండలో మెరుస్తూ గడ్డిలోకి పోతున్నాయి.

“అయ్యో, అడుగులేస్తుంటే చూడలేకపోయామండీ!” అన్నాడు కేదారి, నోట్లో అరిసె ఉండగానే.

గురువుగారు ఒళ్ళో పడ్డ నువ్వులు దులుపుకున్నారు.

“మనం చూడ్డం మానేదాకా ఆగింది, పాపం.”