తెల్లవారని ఇల్లు

ఒక రాజ్యంలో ఒక చట్టం ఉండేది. ఎవరినైనా పట్టుకుంటే, తెల్లవారగానే ధర్మాధికారి ముందు నిలబెట్టాలి. ఆ మనిషి చెప్పుకునేది ఆయన వినాలి. విని ఉంచమంటే ఉంచాలి, వదలమంటే వదలాలి. రాజుగారికి కూడా మధ్యలో వేలు పెట్టే వీల్లేదు.

అందుకని ధర్మాధికారి రోజూ చీకటితోనే లేచి స్నానం చేసి, ఒంటికి గంధం రాసుకుని, జరీ తలపాగా చుట్టుకుని, కచేరీ ముంగిట కుర్చీలో కూర్చునేవాడు. "ఎవరినైనా తెచ్చారా?" అని అడిగేవాడు. కోళ్ళ దొంగ దగ్గర్నుంచి హంతకుడి దాకా అందరూ ఆ కుర్చీ ముందు నోరు విప్పినవాళ్ళే.

ఒక సంత రోజున ఎవరో ధాన్యపు కొట్టుకి నిప్పు పెట్టారు. లోపల జనం ఉన్నారు. పసిపిల్లలున్నారు. మర్నాడు ఎవరి బిడ్డ ఎవరో పోల్చుకోలేక తల్లులు బూడిదలో కూర్చుని ఏడ్చారు. ఆ ఏడుపు విన్నవాళ్ళెవరికీ అన్నం సహించలేదు. ఆ పాపిష్టి పని చేసినవాడు దొరకాలని ఊరంతా కోరుకుంది. అలా కోరుకోవడంలో తప్పేమీ లేదు.

భటులు బయల్దేరి, చేతులకి నూనె వాసన ఉన్నవాళ్ళందరినీ పట్టుకున్నారు. వాళ్ళలో గానుగ ఆడించుకుని బతికే ఒకతను ఉన్నాడు.

మంత్రి రాజు దగ్గరికి వెళ్ళాడు. "మహారాజా, వీళ్ళు మామూలు దొంగలు కారు. కుర్చీ ముందు నిలబెడితే ఏదో ఒకటి చెప్పి బయటపడతారు."

"అయితే చట్టం మార్చేద్దామా?"

"రామ రామ! తాతల నాటి చట్టం, దాన్ని ముట్టుకోవచ్చా? తెల్లవారగానే నిలబెట్టాలనే కదా అందులో ఉన్నది? తెల్లవారని చోట ఉంచుదాం."

ఊరి చివర ఒక ఇల్లు కట్టారు. దానికి కిటికీ లేదు. గోడల్లో పగుళ్ళన్నీ సున్నంతో పూడ్చారు. గుమ్మం తర్వాత మరో గుమ్మం పెట్టి, రెండు తలుపులూ ఒకేసారి తెరవకూడదన్నారు. ఆ ఇంట్లో సూర్యుడు ఉదయించడు. కాబట్టి లోపలివాళ్ళకి తెల్లవారదు. కాబట్టి వాళ్ళని ఎవరి ముందూ నిలబెట్టక్కర్లేదు.

ఇది విని ధర్మాధికారి నిర్ఘాంతపోయాడు. ఆ రోజంతా చట్టంలోని ఒక్కొక్క మాటా పట్టి పట్టి చూశాడు. మంత్రి చెప్పినదాంట్లో ఆయనకి ఎక్కడా తప్పు దొరకలేదు. చూడాల్సింది ఆ ఇంటినని ఆయనకి తోచలేదు. ఒక్క షరతు మాత్రం పెట్టాడు. "నా ఉత్తర్వు లేకుండా ఆ ఇంట్లోంచి ఎవరినీ బయటికి తీసుకుపోకూడదు." ఎక్కడికో తీసుకుపోయి చంపేస్తారేమోనని ఆయన భయం. మంత్రి వంగి దణ్ణం పెట్టి, "తమది జాలిగుండె," అన్నాడు. ధర్మాధికారి ఇంటికెళ్ళి తృప్తిగా భోజనం చేశాడు.

లోపల ఎవరినీ కొట్టడం లేదని మంత్రి చాటింపు వేయించాడు. నిజమే, కొట్టలేదు. ఎవడి ఊపిరి నిద్రలోకి జారినట్టు వినబడితే వాడి చెవి దగ్గర ఇత్తడి పళ్ళెం మోగించేవారు. నెత్తిన చన్నీళ్ళు కుమ్మరించేవారు. "నిప్పు పెట్టిందెవరు?" అని అడిగేవారు. ఈ పనికి వాళ్ళు పెట్టుకున్న పేరు మేలుకొలుపు. దేవుణ్ణి లేపే పాటకున్న పేరు దీనికి పెట్టడానికి వాళ్ళకి నోరెలా వచ్చిందో! కాసేపు నిద్రపోనిస్తారన్న ఆశతో ఒకడు తన తల్లి పేరు చెప్పేశాడు. ఆవిడ అప్పటికి చచ్చిపోయి ఎన్నేళ్ళయిందో.

గానుగతని భార్య రోజూ తెల్లవారేసరికి కచేరీ ముంగిట నిలబడేది.

"ఎవరినైనా తెచ్చారా?" అని ధర్మాధికారి అడిగేవాడు.

"ఎవరూ లేరండి," అనేవాడు భటుడు.

"మా ఆయనున్నాడు కదండీ," అనేది ఆమె.

"ఆయనకింకా తెల్లవారలేదమ్మా," అనేవాడు ధర్మాధికారి, మెత్తగానే. అప్పుడు ఆమె మొహం మీద ఎండ పడుతూ ఉండేది.

వానలు వచ్చి వెళ్ళాయి, చలి వచ్చి వెళ్ళింది. లోపలివాళ్ళందరికీ ఒకే రకం నల్లబట్ట కట్టబెట్టేవారు. మాసిన బట్టని వాళ్ళ వాళ్ళ ఇంటివాళ్ళకే ఇచ్చి ఉతుక్కురమ్మనేవారు. ఒకరోజు గానుగతని భార్య ఆ బట్టని ఉతక్కుండా తెచ్చి ధర్మాధికారి ఒళ్ళో పడేసింది. భటులు అడ్డం రాబోయారు. ఆయన వారించాడు.

"వాసన చూడండయ్యా," అంది. "మా ఆయన పుట్టిందే గానుగ పక్కన. ఏ గుడ్డ కట్టినా పూట తిరక్కుండా నువ్వులనూనె వాసన కొట్టేది. పెళ్ళయిన కొత్తలో నాకు కడుపులో తిప్పేది కూడాను. ఇందులో ఆ వాసన ఉందేమో మీరే చూడండి. బట్ట మార్చారో, మనిషినే మార్చేశారో నాకు చెప్పండి."

ధర్మాధికారి ఆ బట్ట ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అది ఏ వాసనో ఆయన ఎవరికీ చెప్పలేదు. లేచి, వెంట ఎవరినీ రమ్మనకుండా, ఆ ఇంటి దారి పట్టాడు.

గుమ్మం దగ్గర భటుడు లేచి నిలబడ్డాడు. "దొరా, లోపలికి వెలుతురు పోకూడదని ఆజ్ఞ. తలపాగా జరీ మెరుస్తుంది. ఉంగరం కూడా మెరుస్తుంది. తెల్లపంచె కూడా చీకట్లో కనబడుతుందండి."

నియమం నియమమే కదా. ధర్మాధికారి అవన్నీ తీసిచ్చి, భటుడిచ్చిన నల్లబట్ట కట్టుకుని లోపలికి వెళ్ళాడు. తలుపు మూసుకుంది. ఆ భటుడి వంతు అయిపోవడంతో, తలపాగా జాగ్రత్తగా పట్టుకుని కచేరీలో ఒప్పచెప్పడానికి వెళ్ళాడు. వాడి చోటికి ఇంకొకడు వచ్చాడు.

లోపల కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. ఎక్కడో మూల నుంచి ఒక గొంతు అడిగింది. "తెల్లారిందా బాబూ?"

"బయట మిట్టమధ్యాహ్నం," అన్నాడు ధర్మాధికారి.

ఎవరో వెక్కిళ్ళు పెట్టారు. అంతలో ఆయన చెవి పక్కనే ఇత్తడి పళ్ళెం మోగింది. ఆయన కిందపడ్డాడు. నెత్తిన నీళ్ళు పడ్డాయి. "నిప్పు పెట్టిందెవరు?"

"ఒరేయ్, నేను ధర్మాధికారిని!"

"మొన్న ఒకడు మహారాజునన్నాడు," అంది చీకటి లోంచి భటుడి గొంతు. "నిద్ర లేకపోతే అలాగే ఉంటుందిలే."

ఆయన గోడలు తడుముకుంటూ వెళ్ళి తలుపు బాదాడు. బయటి కొత్త భటుడు మర్యాదగానే జవాబిచ్చాడు. "ధర్మాధికారిగారి ఉత్తర్వు ఉండాలండి."

"ఇదే నా ఉత్తర్వు! తియ్యి!"

"లోపల్నుంచి చెప్పేది ఉత్తర్వెలా అవుతుందండి?"

ధర్మాధికారి అక్కడే చతికిలపడ్డాడు. కాసేపటికి ఇందాకటి గొంతు దగ్గరికొచ్చింది. "మీరు నిజంగా ధర్మాధికారిగారేనా?"

"అవునయ్యా."

"అయితే నన్ను మీ ముందు నిలబెట్టినట్టే కదండీ?"

ఆ మనిషి లేచి నిలబడ్డాడు. మోకాళ్ళు పటపటమనడం ధర్మాధికారికి వినబడింది. చేతులు కట్టుకునే ఉంటాడు, కనబడలేదు.

"చెప్పు," అన్నాడు ధర్మాధికారి.

"నా చేతికి నూనె ఉందని పట్టుకొచ్చారండి. గానుగ ఆడేవాడి చేతికి నూనె గాక ఇంకేం ఉంటుందండి? మంట లేచినప్పుడు నేను గానుగ కాడే ఉన్నాను. నువ్వులు ఆడించుకోడానికొచ్చిన వాళ్ళు నా ఎదురుగానే కూచున్నారు. వాళ్ళని పిలిచి అడగమని చెప్దామంటే, ఎవరికి చెప్పాలో తెలియలేదండి."

"ఇంకేమైనా ఉందా?"

"ఇంతేనండి."

పొయ్యి మీద పాలు పొంగేంత సేపు కూడా పట్టలేదు. ఈ నాలుగు మాటలు వినకుండానే ఆ మనిషిని అన్నాళ్ళు నిద్రపోనివ్వలేదు. ధర్మాధికారి భోరుమన్నాడు. ఏడుపు ఆపుకుని, కుర్చీలో కూర్చున్నప్పటి గొంతు తెచ్చుకుని అన్నాడు. "నిన్ను ఉంచడానికి కారణం లేదు. నువ్వు వెళ్ళొచ్చు."

గానుగతను కదల్లేదు. "ఎటు వెళ్ళాలండి?" అని అడిగాడు.

మర్నాడు కచేరీ ముంగిట కుర్చీ ఖాళీగా ఉంది. జరిగింది తెలిసి రాజు హడలిపోయాడు. మంత్రి కూడా హడలిపోయాడు. అతను నటించలేదు. చట్టమంతా తిరగేశాడు. ధర్మాధికారి పెట్టిన షరతు ప్రకారం ఆయన ఉత్తర్వు లేనిదే ఎవరినీ బయటికి తేకూడదు. ధర్మాధికారి బతికుండగా ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చోకూడదు.

"మరేం చేద్దాం?" అన్నాడు రాజు.

"ఆయనకి తెల్లవారగానే అడిగి చూద్దాం మహారాజా."

జరీ తలపాగాని కుర్చీలో పెట్టారు. రోజూ భటుడు దాని ముందు నిలబడి, "ఎవరూ లేరండి," అని చెప్పి వెళ్ళిపోతున్నాడు. మొదట్లో జనం గుండెలు బాదుకున్నారు. తర్వాత ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు.

కొన్నాళ్ళకి ధర్మాధికారి భార్యకి కబురొచ్చింది. ఆవిడ పల్లకీ దిగి ఆ ఇంటి ముందు నిలబడింది. భటుడు ఆవిడ చేతిలో ఒక నల్లబట్ట పెట్టాడు. గానుగతని భార్య చేతిలో మరొకటి పెట్టాడు.

ధర్మాధికారి భార్య బట్టని ముక్కు దగ్గర పెట్టుకుంది. వెంటనే దూరంగా పట్టుకుంది. "ఇది వారిది కాదు," అంది. "రోజూ ఆయన ఒంటికి గంధం తీసిచ్చింది నేను. ఆయన వాసన నాకు తెలియదా? మార్చేశారు. నీకిచ్చిందే ఆయనదేమో, ఏదీ, ఇలా ఇవ్వు."

గానుగతని భార్య తన చేతిలోది ఇచ్చింది. ఆవిడ ఆ బట్టా ఈ బట్టా మార్చి మార్చి వాసన చూసింది. మళ్ళీ చూసింది. రెండు చేతుల్లో రెండు బట్టలతో, ఏది ఎవరిదో తెలియక, అలాగే నిలబడిపోయింది.

గానుగతని భార్య ఆవిడ చేతుల్లోంచి రెండూ తీసుకుంది.

"మొదట నేనూ అలాగే అనుకున్నానమ్మా," అంది. "రండి, ఎండ ముదరకముందే ఉతుకుదాం. రేవు ఇటు."