అప్పడం ఎముకల పిల్ల

అనగనగా ఒక రాజు, గజకంఠుడు. ఆయన మీసాల రెండు కొసల్లోనూ పిచ్చుకలు గూళ్ళు కట్టుకునేవర్రా. ఆయన తుమ్మితే పక్క రాజ్యంలో ఇళ్ళ పెంకులు లేచిపోయేవి. అంతటివాడికి అప్పడం ఎముకల కూతుళ్ళు పుట్టారు. పెద్దది పురిట్లోనే పోయింది. రెండోది ఉయ్యాల కుదుపుకి పోయింది. మూడోది హంసిని. అయిదేళ్ళొచ్చినా అడుగు వెయ్యలేదు. ముద్దొచ్చి ఎవరైనా చంకల కింద చేతులేసి ఎత్తితే చాలు, పటుక్కుమని ఎముక విరిగేది. రాణి కార్చిన కన్నీళ్ళకి కోటలో ఉప్పు కొనడమే మానేశారు.

ధూమకేశి అనే మాంత్రికుడి చేతబడే ఇదంతా అన్నారు అందరూ. హంసిని అన్న వసుకేతుడొక్కడే గట్టి ఎముకలవాడు. చెల్లెలికి మందు తెస్తానని బయల్దేరాడు. జాలరిపిల్ల ముత్యాలు పడవ నడిపింది. తన వయసు తనకే గుర్తులేని ముసలి తాబేలు దారి చెప్పింది. చందమామని తడిపే అలల మీద ఏడు సముద్రాలూ దాటారు.

అక్కడ తాటిచెట్టు తొర్రలో చిలక, ఆ చిలకలో మాంత్రికుడి ప్రాణం. వసుకేతుడు దాని మెడ పట్టుకోగానే ధూమకేశి గిలగిల్లాడుతూ వచ్చి కాళ్ళ మీద పడ్డాడు.

"లక్ష పాపాలు చేశాను బాబూ, ఇది మాత్రం నాది కాదు. మీ నాయనమ్మ ఎవర్ని చేసుకుంది?"

"మేనమామని."

"మీ అమ్మ?"

"మేనమామనే. రాజ్యం ఇల్లు దాటకూడదని."

"మరి నువ్వు?"

వసుకేతుడికి మేనమామ కూతురితో ముహూర్తం పెట్టేశారు మరి.

"ఆ గింజే ఆ మడిలోనే తరతరాలు చల్లారు, తాలు పండింది. దానికి మందు లేదు. ఎత్తుకోవడం నేర్పుతాను, అంతే. పచ్చి అప్పడాన్ని పీట మీంచి ఎలా తీస్తారో అలా."

చిలకని చంపి తీసుకెళితే ఊరేగిస్తారు, ఆ ముహూర్తానికే పెళ్ళీ చేస్తారు. వసుకేతుడు చిలకని వదిలేశాడు.

మేనరికాలే చేటు తెచ్చాయనీ, తనకా పెళ్ళి వద్దనీ కోటలో చెబితే రాజు మీసంలో పిచ్చుకలు ఎగిరిపోయాయి. మేనమామ ముఖం తిప్పేసుకున్నాడు.

హంసిని ఒక్కటే అడిగింది. "మందు దొరికిందా అన్నయ్యా?"

"లేదమ్మా."

అరచేతులు రెండూ చెల్లెలి వీపు కిందకి పోనిచ్చి, మెల్లగా ఎత్తాడు. ఏ చప్పుడూ రాకపోవడం అదే మొదటిసారి.

వసుకేతుడు ముత్యాలుని పెళ్ళాడి మూడొందల ఏళ్ళు ఏలాడు. చాలదంటే నాలుగొందలు వేసుకోండి. హంసిని అంతకాలం లేదు. మేనకోడలు పుట్టేదాకా ఉంది. పక్కలో పడుకోబెడితే ఆ గడుగ్గాయి ఒక్క తన్ను తన్నింది. హంసిని వేలు విరిగింది. కళ్ళనీళ్ళతోనే నవ్వింది.

"దాని కాలు విరగలేదు అన్నయ్యా, చూడు."