మొనతోక ఈగకు ఇచ్చిన ఇల్లు

కంది చేను గట్టున ఒక ఎండు మొద్దు ఉంది. దాని కన్నాల్లో ఆకుకత్తెర ఈగ అనే అడవి తేనెటీగ కాపురం. కంది ఆకును గుండ్రంగా కత్తిరించి, కన్నంలో దొన్నెలా చుట్టి, అందులో పుప్పొడి ముద్ద పెట్టి, పైన గుడ్డు పెట్టి, మరో ఆకు ముక్కతో మూత వేసేది. పోయినేడాది అలా ఏడు మూతలు వేస్తే నాలుగింట్లోంచే తన పిల్లలు బయటికొచ్చాయి. మిగతా మూడింట్లోంచి, ఎవరో చాటుగా పెట్టిపోయిన గుడ్లు పొదిగి, తోక మొనదేలిన ఈగలు వచ్చాయి. అప్పట్నుంచి దానికి తన నీడ మీద కూడా అనుమానమే.

ఆ చుట్టుపక్కల ఏది ఏ జాతో బండ మీద బొగ్గుతో రాసేది నక్క. జాతి తేలని పేరు పక్కన సున్నా చుట్టేది. సున్నా ఉన్నవాళ్లు పరాయి గూటి ఛాయలకు పోకూడదని కట్టుబాటు. మొనతోక ఈగ పేరు పక్కన సున్నా ఉంది.

కంది పూతకు రాగానే మొనతోక ఈగ నక్క దగ్గరికి వెళ్లింది. తానూ ఆకుకత్తెర జాతేనని, కావాలంటే ఒంటి చారలు చూసుకోమని, పైగా తేనెపట్టు ఉన్న చోటు తనకు తెలుసని చెప్పింది. చివరి మాట నక్కకు బాగా వినపడింది. చారలు సరిపోయాయని, మర్నాడే సున్నా చెరిపేస్తానని చాటింపు వేసింది.

చాటింపు విన్న ఆకుకత్తెర ఈగ, గట్టు మీద నెమరేస్తున్న ముసలి ఎద్దు దగ్గరికి ఎగిరింది.

"తాతా, అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలు మాత్రం మాయం. ఆ మొనతోక పుప్పొడి మోయగా ఎప్పుడైనా చూశావా? పుప్పొడి అంటాల్సిన పొట్ట ఎప్పుడూ కడిగిన గిన్నెలా ఉంటుంది. ఆ సున్నా పోతే ఈ ఏడు నాకు ఒక్క పిల్లా దక్కదు."

ఎద్దు నెమరు ఆపకుండానే బండ దాకా నడిచింది.

"చెరుపు మామా, నేను అడ్డురాను. ఒకే జాతైతే పనీ ఒకటే కదా. మొద్దులో ఒక కన్నం ఖాళీగా ఉంది. అది ఆవిడకే ఇద్దాం. దానికి మూత వేసిన రోజు సున్నా చెరుపు. అందాకా మిగతా కన్నాలకు నా తోక కాపలా."

నక్క మొనతోక ఈగ వైపు తిరిగింది. "ఇల్లే ఇస్తుంటే ఇంకేం కావాలమ్మా నీకు" అంది.

మొనతోక ఈగ మొహం వాడింది. మొదటి రోజు ఆకు ముదురంది. రెండో రోజు ఎండ ఎక్కువంది. మూడో రోజుకు దాని కన్నంలో సాలీడు గూడు అల్లుకుంది. మొనతోక ఈగ మాత్రం ఆకుకత్తెర ఈగ కన్నం చుట్టూ తచ్చాడి, ఎద్దు తోక దెబ్బ తిని మట్టిలో పడింది.

"చూశావా మామా" అంది ఎద్దు. "ఖాళీ ఇల్లు దీనికి అక్కర్లేదు. ఒకరు వండిపెట్టిన ఇల్లు కావాలి. ఇప్పుడు రాయి, ఏ జాతో."

నక్క సున్నా చెరిపి, ఆ పక్కనే 'గూటిదొంగ' అని రాసింది. రాసి తలెత్తేసరికి మొనతోక ఈగ లేదు. తేనెపట్టు జాడా దాంతోనే పోయింది. నక్క చాలాసేపు బొగ్గు అంటిన వేళ్లే నాక్కుంటూ కూర్చుంది.

చారలు చూసి పెట్టిన పేరు చెరిగిపోతుంది, చేత చూసి పెట్టిన పేరే నిలుస్తుంది.