వసుంధర మా ఇంట్లో బతికే ఉంది

అనగనగా ఒక ఊళ్ళో మా అమ్మ ఉండేది.

రాజుగారేరీ అంటావేంటి? రాజుగారి కథ నిన్న చెప్పాగా. రోజూ రాజులేనా? ఇవాళ మా అమ్మ కథ. కాళ్ళు దుప్పట్లో పెట్టుకుని ఊ కొట్టు. ఊ కొట్టకపోతే నిద్రపోయావనుకుని ఆపేస్తాను.

ఆ ఊరు గోదావరికి ఎగువన, కొండల కింద ఉండేది. మా అమ్మ పేరు నూకరత్నం. మా నాన్న కలప లారీ నడిపేవాడు. వారంలో రెండు రోజులు ఇంట్లో ఉంటే అయిదు రోజులు రోడ్డు మీదే. అప్పుడు నాకు పదకొండేళ్ళు. మా చెల్లి బుల్లెమ్మకి నాలుగు. అవునే, మీ చిన్నమ్మమ్మే. ఇప్పుడు కళ్ళజోడు పెట్టుకుని అందరినీ అదిలిస్తుంది గానీ, అప్పట్లో చీమిడి ముక్కు వేసుకుని నా లంగా పట్టుకుని తిరిగేది.

అమ్మ విస్తళ్ళు కుట్టేది. కొండ మీద నుంచి అడ్డాకు మోపులు వచ్చేవి. వాటి మీద తడిగుడ్డ కప్పి ఉంచేది. ఆకు మీద ఆకు పెట్టి, ఈనెపుల్లతో చకచకా కుట్టేసేది. తెల్లారి లేస్తే కళ్ళాపి, పొయ్యి, నాన్నకి క్యారేజీ, మా ఇద్దరికీ జడలు. మధ్యాహ్నం మూడింటికి గానీ నడుం వాల్చేది కాదు. వాల్చడమంటే పడుకోవడం అనుకున్నావా? గోడకి ఆనుకుని విస్తళ్ళు కుట్టడం.

అమ్మకి చదువు రాదు. వేలిముద్రే. కానీ కథల పిచ్చి మాత్రం చదువుకున్నవాళ్ళకి కూడా ఉండదు అంత. పక్కింట్లో దమయంతి టీచరమ్మ వారపత్రిక తెప్పించుకునేది. తను చదివేశాక శనివారం నాడు మాకు ఇచ్చేది. అమ్మ ఆవిడకి ఓ కట్ట విస్తళ్ళు ఇచ్చేది. అప్పుడు నేను సీరియల్ పైకి చదివేదాన్ని. అమ్మ చేతులు ఆకుల మీద ఉండేవి, చెవులు నా మీద ఉండేవి.

ఆ సీరియల్లో వసుంధర అని ఒకావిడ. పెద్ద బంగళా, గయ్యాళి అత్తగారు, ఊళ్ళు పట్టుకు తిరిగే మొగుడు, ఇద్దరు పిల్లలు. ఆ అత్తగారు ఒక మాటంటే వసుంధర తలొంచుకునేది. మా అమ్మ ఊరుకునేది కాదు. "నోట్లో నాలుక లేదా దానికి? మాటకి మాట అనొద్దూ?" అని పుల్లతో ఆకుని పొడిచేది. ఒక వారం వసుంధరకి అన్నం పెట్టకుండా పడుకోబెట్టేశారు. ఆ సాయంత్రం మా అమ్మ కూడా టీ తాగలేదు.

నవ్వుతావేంటి? నేనూ నవ్వాను అప్పుడు.

ఆ తర్వాత అమ్మకి దగ్గు పట్టుకుంది. మొదట ఆకుల దుమ్ము అన్నారు. తర్వాత చలిగాలి అన్నారు. మిరియాల కషాయం తాగింది, తులసాకు నమిలింది, దిష్టి తీయించుకుంది. ఏ ఒక్కదానికీ దగ్గు లొంగలేదు.

అప్పుడు నాన్న అమ్మని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. నన్నూ బుల్లెమ్మనీ కూడా తీసుకెళ్ళాడు. డాక్టరు నాన్నని ఒక్కణ్ణే లోపలికి పిలిచి మాట్లాడాడు. తిరిగొచ్చేటప్పుడు బస్టాండులో నాన్న మాకు క్రీము బిస్కెట్లు కొన్నాడు. ఏనాడూ ఏమీ కొనని మనిషి అడక్కుండా కొనేసరికి నాకు భయమేసింది. బుల్లెమ్మకేం, తింది.

ఆ సీరియల్ రాసినాయన ఏ ముహూర్తాన కలం పట్టాడో గానీ, వసుంధరకి కూడా దగ్గు తెప్పించాడు. అదే దగ్గు. అలాగే ఎండిపోవడం. అమ్మ విని, "అయ్యో, దానిక్కూడానా?" అంది. ఆ రోజు నుంచి వసుంధర మీద కోపం మానేసింది. సొంత చెల్లెలి సంగతి అడిగినట్టు, "ఎలా ఉందిట?" అని అడిగేది.

నాకో పాడలవాటు ఉండేది. చదివే ముందు ఆఖరి పేజీ చూసేసేదాన్ని. ఒక శనివారం అలాగే చూశాను. వసుంధర చచ్చిపోయింది. ఒక బొమ్మ కూడా వేశారు. మంచం, మంచం మీద తెల్లదుప్పటి, గుమ్మంలో పిల్లలిద్దరూ. కింద సమాప్తం అని ఉంది.

వసుంధర బతికితే అమ్మ బతుకుతుంది, వసుంధర పోతే అమ్మా పోతుంది అనిపించింది. ఎవరు చెప్పారంటే ఏం చెప్పను? ఎవరూ చెప్పలేదు. భయమేసినప్పుడు బుర్రకి ఏది తోస్తే అదే నిజం.

"చదవవే అమ్మడూ" అంది అమ్మ.

అప్పుడు నేను ఆ బొమ్మ మీద అరచెయ్యి పెట్టేశాను. పెట్టి, లేనిది చదివాను. పట్నం నుంచి కొత్త డాక్టరు వచ్చాడన్నాను. సూది మందు ఇచ్చాడన్నాను. వసుంధరకి జ్వరం దిగిందన్నాను. అమ్మ పుల్ల ఆపి విని, "దిగిందా? పోన్లే తల్లీ" అంది. చదివిన పుస్తకం ఆ సాయంత్రమే నేనే పట్టుకెళ్ళి టీచరమ్మకి ఇచ్చేశాను.

ఆ తర్వాతి వారం పత్రికలో వసుంధర లేనే లేదు. ఇంకేదో కొత్త సీరియల్ మొదలుపెట్టారు. ఆ పేజీ మీద కళ్ళు పెట్టి నేను వసుంధరని లేపి కూర్చోబెట్టాను. ఆకలేస్తోందని అడిగి చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకు తిందని చదివాను. బంగళాలో ఉండే మనిషి చేత చద్దన్నం తినిపించానే! నాకు తెలిసిన తిండి అదే మరి.

మూడో వారం మరీ తెగించాను. అత్తగారు వచ్చి వసుంధర కాళ్ళు పట్టిందని చదివాను. అమ్మకి నవ్వాగలేదు. నవ్వి నవ్వి దగ్గింది. దగ్గి దగ్గి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగు తీసి మడిచి నడుంలో దోపుకుంది. నేను చూడలేదనుకుంది. చూశాను.

ఊ కొట్టవేం? ఏడుస్తున్నావా? ఇలా రా. నా పక్కన పడుకో. ఏడుపొస్తే ఏడవచ్చు, తప్పేం లేదు.

ఆ తర్వాత అమ్మ లేవలేదు. ఆకుల మోపులు వాకిట్లోనే ఎండిపోయాయి. నాన్న లారీ మానేసి రోజూ ఇంట్లోనే ఉన్నాడు. వంటకి మా మేనత్త వచ్చింది. శనివారం వచ్చింది. నేను పత్రిక పట్టుకుని మంచం పక్కన కూర్చున్నాను. వసుంధరని ఈసారి తీర్థయాత్రకి తీసుకెళ్దామనుకున్నాను.

"అది కాదు" అంది అమ్మ. తలగడ కింద నుంచి ఒక పాత పత్రిక తీసింది. "ఇది చదువు."

అదే పత్రిక. నేను చెయ్యి అడ్డం పెట్టిన బొమ్మ అందులోనే ఉంది.

"ఆ రోజు నువ్వు మంచినీళ్ళకి లేచావు. గాలికి పేజీ తిరిగింది. నాకు అక్షరాలు రావు గానీ, బొమ్మలు కనపడవేంటే?" అంది. "టీచరమ్మ కూడా వచ్చి, పాపం వసుంధర పోయింది కదా రత్నం, అంది. మీ ఇంట్లో పోయిందేమోనండీ, మా ఇంట్లో బతికే ఉంది, అన్నాను. ఆ పుస్తకం నాకివ్వండి అని అడిగి పుచ్చుకున్నాను."

నేను ఏడిచాను. అబద్ధం ఆడానని కాదు. అమ్మ మూడు వారాలు తెలిసి తెలిసి విందని. నేను తనని కాపాడుతున్నానని అనుకుంటుంటే, తను నన్ను కాపాడింది.

"ఎంతకాలం లాక్కొస్తావే దాన్ని? అలిసిపోయింది. పోనీ" అంది. "అసలుది చదువు."

చదివాను. అక్షరం వదలకుండా చదివాను. మధ్యలో ఆగిపోతే అమ్మ నా వీపు నిమిరింది. అమ్మ చెయ్యి అప్పటికే ఆకులా తేలిగ్గా ఉంది. సమాప్తం దాకా చదివి పుస్తకం మూశాను.

"బాగానే రాశాడు" అంది అమ్మ. "కానీ ఇదేం పని? పిల్లలిద్దరినీ గుమ్మంలో నిలబెట్టేసి వెళ్ళిపోయాడు. తర్వాత వాళ్ళకి అన్నం ఎవరు పెట్టారు?"

"అది ఇందులో లేదమ్మా. అయిపోయింది. సమాప్తం అని ఉంది."

"ఆయనకేం, సమాప్తం అని రాసి చేతులు దులుపుకున్నాడు. పిల్లలకి ఆకలెయ్యదూ? నువ్వు చెప్పు. మూడు వారాలు చెప్పినదానివి, ఇది చెప్పలేవా?"

అప్పుడు నేను చెప్పాను. చుట్టాలందరూ వెళ్ళిపోయారన్నాను. పెద్దపిల్ల వంటింట్లోకి వెళ్ళిందన్నాను.

"ఏడవలేదా?"

"ఏడిచింది."

"ఏడవనీ. ఏడుస్తూ కూడా బియ్యం కడగొచ్చు. ఎన్నిసార్లు కడిగింది?"

"రెండుసార్లు."

"మూడుసార్లు కడగాలి. ఎసరు వేలి మొదటి గణుపు దాకా పొయ్యాలి. మూత తీసేటప్పుడు మొహం పక్కకి తిప్పుకోమను, ఆవిరి కొడుతుంది. ఆ తర్వాత?"

"ఆ తర్వాత... చిన్నవాడు తిననన్నాడు."

"అంటాడు. మొండిపట్టు పట్టినప్పుడు తింటావా తింటావా అని అడక్కూడదు. ఏదో కథ చెబుతూ ముద్ద నోట్లో పెట్టెయ్యాలి. వాడికి కోపమొచ్చి కొడితే దెబ్బ తగలనివ్వాలి. తిరిగి కొట్టకూడదు. వాడికి అమ్మ మీద కోపం, అక్క మీద కాదు." అమ్మ ఊపిరి తీసుకుంది. "తిన్నారా మరి?"

"తిన్నారమ్మా."

"ఇద్దరూనా?"

"ఇద్దరూ."

"అదీ. ఇప్పుడు అయిపోయింది కథ" అని అమ్మ అటు తిరిగి పడుకుంది.

ఆ తర్వాత మంగళవారం పొద్దున్న, ఎండ వాకిట్లోకి వచ్చే వేళకి, మా అమ్మ చచ్చిపోయింది. కాలం చేసింది అనాలంటారు పెద్దలు. ఏమన్నా ఒకటే. మా అమ్మ మరి లేదు.

చుట్టాలొచ్చారు. పక్కింటివాళ్ళు క్యారేజీల్లో అన్నం పంపారు. పన్నెండో రోజు వచ్చినవాళ్ళందరూ అటకమీద మిగిలిన, అమ్మ కుట్టిన విస్తళ్ళలోనే తిన్నారు. తిని, మడిచి, బయట పారేశారు. ఎవరినీ తప్పుపట్టను. విస్తరి ఉన్నదే అందుకు. కానీ నేను ఆ రోజు అరిటాకు వేయించుకున్నాను.

పదమూడో రోజు మేనత్త వెళ్ళిపోయింది. తనకీ పిల్లలున్నారుగా. పద్నాలుగో రోజు నాన్న లారీ ఎక్కాడు. ఎక్కకపోతే ఎలా? గుమ్మం దిగి, మళ్ళీ వెనక్కి వచ్చి, మా ఇద్దరి తలలూ నిమిరి వెళ్ళాడు. అప్పుడు ఇంట్లో నేనూ బుల్లెమ్మా మిగిలాం.

నేను వంటింట్లోకి వెళ్ళాను. ఏడిచాను. ఏడుస్తూనే బియ్యం మూడుసార్లు కడిగాను. వేలి గణుపు దాకా ఎసరు పోశాను. మూత తీసేటప్పుడు మొహం పక్కకి తిప్పుకున్నాను. టమాటా చారు కాచాను. బుల్లెమ్మని పిలిస్తే తిననంది. అమ్మ పెడితేనే తింటానంది. నా చెయ్యి కొరికింది. కొరకనిచ్చాను. ఏదో కథ, ఏ కథో గుర్తులేదు, చెబుతూ చెబుతూ ముద్ద నోట్లో పెట్టాను.

పెట్టి, అలవాటు కొద్దీ గుమ్మం వైపు తిరిగి, "అమ్మా, ఉప్పు సరిపోయిందా?" అని అడిగేశాను.

అక్కడ ఎవరూ లేరు. బుల్లెమ్మ గుమ్మం వైపు చూసింది. ఆ తర్వాత నా మొహం వైపు చూసింది. నోట్లో ముద్ద మింగి, "సరిపోయిందక్కా" అంది. అని ఇంకో ముద్దకి నోరు తెరిచింది. కంచం అంతా ఖాళీ చేసింది.

అప్పుడు నేను వడ్డించుకుని ఒక ముద్ద తిన్నాను. సరిపోవడం కాదు చిట్టీ, నేను అసలు ఉప్పే వెయ్యలేదు.

కథ పోయింది కంచికి,
కాకి పోయింది గూటికి,
అమ్మ పోయింది అందని చోటికి,
మనం పోదాం ఇంటికి,
నిద్ర రావాలి మా చిట్టి కంటికి.