ఇంటికో పీలిక, చేతికో కుట్టు

ఒకానొకప్పుడు, కొండల నడుమ చలిమల అనే రాజ్యంలో ఒక రాజు ఉండేవాడర్రా. ఆయన పేరు కుముదసేనుడు, రాణి పేరు సౌదామినీదేవి. వాళ్ళకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు సింహబలుడు, నడిపివాడు చంద్రబలుడు, చిన్నవాడు వసంతుడు. ఆ ముగ్గురి తర్వాత చాలా ఏళ్ళకి పుట్టిన ఒక్క కూతురు మందారవతి. కాస్త దగ్గరికి జరగండి. ఈ కథ చెప్పినప్పుడల్లా నాకు కాళ్ళు చల్లబడతాయి. మీరు మాత్రం భయపడకండి, మీ అందరి బదులూ నేను భయపడతాను.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉండేది. ఎవరింట బిడ్డ పుట్టినా ఊళ్ళో ప్రతి ఇల్లూ ఒక పాత గుడ్డ పీలిక ఇవ్వాలి. కొత్త గుడ్డ పనికిరాదు. కొత్తదైతే మొదటి ఉతుకులోనే ముడుచుకుపోయి పక్క అతుకుల్ని కూడా లాగి చింపేస్తుంది. కట్టి కట్టి, ఉతికి ఉతికి మెత్తబడ్డదే కావాలి. పీలిక ఇచ్చినవాళ్ళు ఊరికే ఇచ్చేసి వెళ్ళిపోకూడదు. కూర్చుని, ఆ పీలికకి మొదటి కుట్టు తమ చేత్తోనే వెయ్యాలి. ఆడవాళ్ళంతా చుట్టూ చేరి, ఆ పీలికలన్నీ కలిపి బిడ్డకి బొంత, అంచుల నుంచి నడిమికి కుట్టుకుంటూ వచ్చేవాళ్ళు. "ఇది నీ పెళ్ళినాటి చీర కదటే?" అని ఒకరినొకరు ఏడిపించుకునేవాళ్ళు. బొంత పూర్తయ్యేసరికి పాత తగాదాలు తీరిపోయేవి, కొత్తవి రెండు మొదలయ్యేవి.

రాజుగారి తల్లి బతికున్నన్నాళ్ళూ ఆ ఆచారం కోటలోనూ నడిచింది. ముగ్గురు మనవలకీ దగ్గరుండి బొంతలు కుట్టించింది. చిన్నవాడు వసంతుడు నాయనమ్మ పక్కన చేరి, సూదిలో దారం ఎక్కించడం దగ్గర్నుంచి అన్నీ నేర్చుకున్నాడు. రెండు రంగులు పక్కపక్కన కుదిరాయంటే వాడికి ఆకలి కూడా తెలిసేది కాదు. "రాజకుమారుడివా, దర్జీవా?" అని అన్నలు వెక్కిరిస్తే, నవ్వి ఇంకో అతుకు వేసేవాడు.

మందారవతి పుట్టేనాటికి నాయనమ్మ లేదు. ఊళ్ళో ఆడవాళ్ళు పీలికలు పట్టుకుని కోటకి వచ్చారు. రాణి వాటిని చూసి హడలిపోయింది. ఎవరెవరి ఇళ్ళలోవో పాత గుడ్డలు, వాటికి ఏ జ్వరం అంటుకుని ఉందో, ఏ దగ్గు అంటుకుని ఉందో. అందరినీ గుమ్మంలోంచే పంపేసి, కూతురికి కొత్త పట్టు దుప్పటి కప్పింది. ప్రేమతోనే చేసిందిలెండి, పాపం.

మంత్రసాని సోమక్క ఒక్కతే కదలకుండా నిలబడి, "తల్లీ, బొంత వేడి పుట్టించదు. బిడ్డ ఒంట్లో ఉన్న వేడిని జారిపోకుండా పట్టుకుంటుంది. ఈ పట్టు పట్టుకోదమ్మా" అంది. రాణి వినిపించుకోలేదు.

ఇక ఏడు సముద్రాల అవతల ఒక దీవిలో మహాశీతుడనే మాంత్రికుడు ఉండేవాడు. వాడి ప్రాణం ఒక చిలుకలో ఉంది. ఆ చిలుకకి ఈకలన్నీ రాలిపోయి ఎప్పుడూ గజగజ వణికేది. అది వణికితే వీడు వణికేవాడు. అది చస్తే వీడు చస్తాడు. అందుకని మహాశీతుడు ఒక మట్టి కుండ పట్టుకుని ఆకాశంలో తిరుగుతూ, పిల్లల ఒంట్లో వేడిని కుండలోకి లాగి, తెచ్చి చిలుక చేత మింగించేవాడు. బొంత కప్పుకున్న పిల్లల జోలికి మాత్రం వెళ్ళలేకపోయేవాడు. కుట్టు కుట్టుకీ ఎవరిదో ఒక చెయ్యి అడ్డం పడేది.

మందారవతికి ఐదేళ్ళు నిండాక, ఒక తెల్లవారుజామున వాడు చలిమల మీదుగా పోతూ, ఊరంతటికీ పట్టు దుప్పటి కింద పడుకున్న పిల్ల ఒక్కతే ఉండటం చూసి, ఆ పిల్ల ఒంట్లో వేడిని కుండలోకి లాగేశాడు.

పొద్దున్న రాణి వెళ్ళి కూతుర్ని లేపబోతే పాదాలు మంచుగడ్డల్లా ఉన్నాయి. కుంపట్లు పెట్టారు, కషాయాలు పోశారు, వసంతుడు తన బొంత తెచ్చి కప్పాడు. లోపల వేడే లేకపోతే బొంత దేన్ని పట్టుకుంటుంది? సోమక్క వచ్చి చూసి తల అడ్డంగా ఊపింది. "ఇది పాదాల నుంచి మోకాళ్ళకి ఎక్కుతుంది. మోకాళ్ళ నుంచి నడుముకి. గుండెకి ఎక్కిందంటే పిల్ల రాయైపోతుంది. ఏడు సముద్రాల అవతలి మాంత్రికుడు తీసుకుపోయిన వేడి తిరిగి రావాలి, అంతే."

పెద్దవాడు కత్తి పట్టుకుని వెళ్ళాడు, తిరిగి రాలేదు. నడిపివాడు మూటలనిండా బంగారం పట్టుకుని వెళ్ళాడు, తిరిగి రాలేదు. చలి మందారవతి మోకాళ్ళు దాటింది. అప్పుడు వసంతుడు సూదీ కత్తెరా నడుముకి దోపుకుని, తన బొంత భుజాన వేసుకుని బయల్దేరాడు.

"నిన్నూ పంపితే నాకు ఎవరు మిగుల్తార్రా?" అని రాణి వాడి చెయ్యి పట్టుకుంది.

"ఉండిపోతే ఎవరు మిగుల్తారమ్మా?" అన్నాడు వసంతుడు.

మందారవతి పట్టు దుప్పటిలోంచి ఒక దారం లాగి అన్న మణికట్టుకి కట్టింది. "ఇది చల్లబడితే నేను చల్లబడుతున్నట్టు. చూసుకుంటూ ఉండు చిన్నన్నయ్యా, మర్చిపోకు" అంది. ఎలా మర్చిపోతాడు?

వెళ్ళగా వెళ్ళగా సముద్రపొడ్డు వచ్చింది. అక్కడ ఒక తాబేలు మూలుగుతూ పడి ఉంది. "నాయనా, నా వీపు మీద డిప్ప పగిలింది. చలిగాలి లోపలికి దూరుతోంది. కాస్త గుడ్డ ఉంటే ఇవ్వు" అంది. వసంతుడు దారం ముట్టుకు చూశాడు. నిన్నటికంటే చల్లగా ఉంది. ఆగాలా, పోవాలా? కాళ్ళు ముందుకు పీకుతున్నా ఆగాడు. బొంతలో మూడో వంతు కత్తిరించి, తాబేలు వీపుకి సరిపోయేలా కుట్టి కప్పాడు. తాబేలు వాణ్ణి ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించి, దీవి ఒడ్డున దింపింది. తిరిగి వచ్చేదాకా అక్కడే ఉంటానంది.

దీవి మీద ఒక ఎలుక ఎదురొచ్చింది. "నాయనా, కన్నంలో నీళ్ళూరి నా పిల్లలు బిగుసుకుపోతున్నాయి. కాస్త గుడ్డ ఉంటే ఇవ్వు" అంది. దారం ఇంకా చల్లబడింది. తొందరలో వసంతుడికి కుట్టు రెండుసార్లు తప్పింది. అయినా ఇంకో వంతు కత్తిరించి పిల్లలకి పక్క కుట్టి ఇచ్చాడు. మాంత్రికుడి ప్రాణం పంజరంలో చిలుకలో ఉందని చెప్పి, వాడి కోటగోడ కింద లోపలికి పోయే తూము ఎక్కడుందో ఎలుక చూపించింది.

తూము దగ్గర ఒక గిజిగాడు కూర్చుని ఉన్నాడు. "గాలికి నా గూడు చిరిగిపోయింది. గూట్లో గుడ్లున్నాయి. కాస్త గుడ్డ ఉంటే ఇవ్వు" అన్నాడు. వసంతుడి దగ్గర మిగిలింది ఒక్క వంతు. అదీ ఇచ్చేస్తే నాయనమ్మ కుట్టించిన బొంత ఇక లేనట్టే. దారం మంచుముక్కలా చర్మాన్ని కొరుకుతోంది. ఆ ముక్క గూటికి చుట్టి కుడుతూ ఏడ్చాడు వాడు. కుట్టడం అయ్యాక గిజిగాడు వచ్చి వాడి భుజం మీద వాలాడు, ఇక దిగలేదు.

లోపల పెద్ద వాకిలి. ఆ వాకిట్లో సింహబలుడు కత్తెత్తి రాయై నిలబడ్డాడు. చంద్రబలుడు మూట చాచి రాయై నిలబడ్డాడు. వాళ్ళ అవతల పంజరం, పంజరంలో ఈకల్లేని చిలుక. ఒక అమ్మాయి దాని పక్కన కూర్చుని దాని మీదకి ఊపిరి ఊదుతూ ఉంది. వసంతుడు ఒక్క అంగలో వెళ్ళి పంజరంలో చెయ్యి పెట్టి చిలుక మెడ పట్టుకున్నాడు.

"ఆగండి, దాన్ని చంపకండి" అంది ఆ అమ్మాయి. "నా పేరు కనకవల్లి. మాది పక్క దీవి రాజ్యం. దీనికి ఊపిరి ఊదడానికి నన్ను ఎత్తుకొచ్చాడు వాడు. ఎత్తుకొచ్చిన వేడి అంతా దీని పొట్టలోనే ఉంది. మీ అన్నలదీ ఇక్కడే ఉంది. దీన్ని చంపితే అంతా ఒక్కసారే చల్లారిపోతుంది."

వసంతుడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇంకొక్క క్షణం గడిచి ఉంటే చెల్లెల్ని తన చేత్తోనే చంపుకునేవాడు కదర్రా.

అంతలో మహాశీతుడు రానే వచ్చాడు. ఒక చేతిలో కుండ, ఒక చేతిలో మంత్రదండం, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. దండం ఎత్తాడు. వసంతుడు పారిపోలేదు.

"నన్ను రాయి చేస్తే నీకు ఇంకో రాయి దొరుకుతుంది. చిలుకకి చలి తగ్గుతుందా? నన్ను కూర్చోనిస్తే దీనికి బొంత కుట్టిస్తాను. మళ్ళీ వణకదు" అన్నాడు.

"నీ దగ్గర గుడ్డ ఏదిరా?" అన్నాడు మహాశీతుడు.

"నీ దగ్గర ఉంది. ఒంటిమీద ఎన్నో ఏళ్ళుగా ఉన్న ఆ అంగీ. అంతకంటే మెత్తబడ్డ గుడ్డ ఎక్కడ దొరుకుతుంది? కాకపోతే ఇచ్చినవాళ్ళే మొదటి కుట్టు వెయ్యాలి. అది మా ఊరి ఆచారం."

మాంత్రికుడు అనుమానంగా చూశాడు. దగ్గరికి వచ్చాడు, వెనక్కి జరిగాడు, మళ్ళీ దగ్గరికి వచ్చాడు. చిలుక వణికింది, వాడూ వణికాడు. చివరికి అంగీ అంచు చింపి ఇచ్చాడు. కనకవల్లి తన పైటకొంగు చింపి ఇచ్చింది. వసంతుడు ప్రయాణంలో నలిగిన తలపాగా చింపాడు. గిజిగాడు గడ్డిపీచు తెచ్చి దారం చేసి ఇచ్చాడు.

ఒంటిచేత్తో ఎవరూ కుట్టలేరు కదా. మహాశీతుడు దండం తొడ కింద పెట్టుకుని, కుండ పక్కన పెట్టాడు. సూది బెజ్జం కనిపించక కళ్ళు చిట్లించాడు. ఆ సందున కనకవల్లి కుండని చప్పుడు కాకుండా తీసి, కిటికీలోంచి సముద్రంలోకి జారవిడిచింది. వాడు చూసుకోలేదు. వేలికి సూది గుచ్చుకుంది, తిట్టుకున్నాడు. ఒక కుట్టు పడింది, అదీ వంకరగా. దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఇది నేను కుట్టిందేనా?" అన్నాడు.

"నువ్వే. ఇంకొకటి వెయ్యి" అన్నాడు వసంతుడు.

ఇంకొకటి వేశాడు, మరొకటి వేశాడు. చిలుక ఎలా ఉందోనని క్షణానికోసారి పంజరం వైపు చూసేవాడు, ఈసారి చూడటం మర్చిపోయాడు. ముగ్గురూ మోకాళ్ళు తగిలేలా కూర్చుని కుట్టారు. వసంతుడికి అంత దిగుల్లోనూ ఎరుపు పక్కన నలుపు కుదిరితే ఒక్క క్షణం హాయిగా అనిపించింది. వెంటనే దారం చురుక్కుమంది. చలి చెల్లెలి గుండె దాకా వచ్చేసింది.

అరచేయంత బొంత తయారైంది. చిలుక చుట్టూ కప్పారు. వణుకు ఆగింది. కాసేపటికి చిలుక బుగ్గలుబ్బించి, "అబ్బ, ఉక్కపోస్తోంది" అంది. ముక్కు తెరిచి, మింగిన వేడినంతా గింజలు ఉమ్మినట్టు ఒక్కొక్కటే ఉమ్మేసింది. నిప్పురవ్వల్లా అవి ఎక్కడివక్కడికి ఎగిరిపోయాయి. సింహబలుడు కత్తి దించాడు. చంద్రబలుడు తుమ్మాడు. ఒక చిన్న ఎర్రటి రవ్వ సముద్రం మీదుగా చలిమల వైపు పోయింది.

మహాశీతుడు అదిరిపడి కుండ కోసం వెతికాడు. కుండ లేదు. దండం పైకెత్తాడు.

"ఓయ్, నన్ను ముట్టుకుని చూడు" అంది చిలుక. "ఇంకా వణుకుతున్నానా?"

వాడు ముట్టుకున్నాడు. అది వెచ్చగా ఉంది. తన పళ్ళు కొట్టుకోవడం ఎప్పుడు ఆగిందో వాడికే తెలియలేదు. దండం కింద పెట్టేసి, "అంచు ఇంకా కుట్టలేదు కదూ?" అంటూ సూది అందుకున్నాడు.

అయిపోయిందనుకుంటున్నారా? వసంతుడి మణికట్టు మీద దారం వేడెక్కింది, చల్లబడింది, మళ్ళీ వేడెక్కింది, మళ్ళీ చల్లబడింది. వాడికి అర్థమైంది. వేడి ఇల్లు చేరింది కానీ పట్టు కింద నిలవలేక జారిపోతోంది. ఆ పిల్లకి బొంత లేదు. తన బొంతా ముక్కలైపోయింది. అన్నల్నీ కనకవల్లినీ తాబేలు మీద ఎక్కించుకుని బయల్దేరాడు. ఆరో సముద్రంలో ఒక అల వచ్చి దారాన్ని తెంపుకుపోయింది. ఇక చెల్లెలు ఉందో లేదో తెలుసుకునే దారి కూడా లేదు.

చలిమల వీధుల్లో మనిషి లేడు. తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి, పొయ్యిలు ఆరిపోయి ఉన్నాయి. ఊరంతా ఒక్కచోట చేరితే ఏమనుకోవాలి? వసంతుడు కోటలోకి పరుగెత్తాడు. లోపల్నుంచి ఆడవాళ్ళ గోల వినిపించింది. ఏడుపే అనుకుని గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు.

అది ఏడుపు కాదర్రా. "అంచు లాగకే", "నీ కుట్టు చూడు, ఎలుక నడిచినట్టుంది" అని పోట్లాట. నట్టింట ఊరి ఆడవాళ్ళంతా చుట్టూ కూర్చున్నారు. నడుమ మందారవతి పడుకుని ఉంది. దాని మీద పరిచిన బొంతకి చివరి అతుకు పడుతోంది. ఆ అతుకు వేస్తున్నావిడ వెలిసిపోయిన నూలు చీరలో, భుజం దగ్గర ఇంత చిరుగుతో, వేళ్ళనిండా సూదిపోట్లతో ఉంది. వసంతుడు ఆవిణ్ణి గుర్తుపట్టలేదు. తలెత్తాక చూస్తే వాళ్ళమ్మ.

సోమక్క చెప్పింది. చిన్నకొడుకు వెళ్ళిన రోజే రాణి చెప్పులు విడిచి ఇంటింటికీ తిరిగి, తాను వెనక్కి పంపిన పీలికల్ని చెయ్యి చాచి అడిగింది. అందరూ ఇచ్చారు. కానీ కన్నతల్లి పీలిక లేనిదే బొంత ముగియదు. పుట్టింటి నుంచి తెచ్చుకున్న పాత చీరలు కొడుకుల బొంతలకే అయిపోయాయి, ఇక కోటలో పాత గుడ్డ ఎక్కడిది? ఒకసారి కట్టిన చీర రాణులు మళ్ళీ కట్టరు కదా. అందుకని ఆ రోజే ఒక కొత్త నూలు చీర కట్టుకుంది. మళ్ళీ ఇంకోటి కట్టలేదు. దాంతోనే నీళ్ళు తోడింది, రుబ్బింది, పొయ్యి ఊదింది. ఉతకడం, ఆరబెట్టడం, అదే కట్టుకోవడం. మెత్తబడిందా లేదా అని రోజూ చెంపకి ఆనించుకుని చూసుకునేది. పక్కగదిలో బిడ్డ చల్లబడుతుంటే గుడ్డ పాతబడడానికి ఎదురు చూసింది. ఇవాళ పొద్దున్న కడవ ఎత్తబోతే భుజం దగ్గర దానంతటదే చిరిగింది.

రాణి కొడుకుల్ని చూసింది కానీ లేవలేదు. చివరి కుట్టు వేసి, ముడి బిగించి, పంటితో దారం కొరికింది.

మందారవతి బుగ్గల్లోకి ఎరుపు వచ్చింది. కళ్ళు తెరిచి తల్లిని చూసి, "అమ్మా, నీ చీర చిరిగిపోయిందే" అంది.

"అవునే తల్లీ, ఇన్నాళ్ళకి చిరిగింది" అంది రాణి, కూతుర్ని వాటేసుకుని.

తర్వాత వసంతుడికీ కనకవల్లికీ పెళ్ళయింది. అన్నలిద్దరూ కూడా రాజ్యం వాడికే ఇమ్మన్నారు. వాడు చాలాకాలం ఏలాడు, మధ్యాహ్నాలు దర్బారు ముగించి ఊరివాళ్ళతో కూర్చుని బొంతలు కుట్టాడు. పెళ్ళినాడు రాణీగారు పట్టుచీరలన్నీ పక్కన పెట్టి, భుజం దగ్గర ముక్క లేని ఆ నూలు చీరే కట్టుకుని పీటల దగ్గర నిలబడింది. మా అమ్మ నాకు ఇంతవరకే చెప్పింది, నేనూ మీకు ఇంతవరకే చెప్తాను. ఇక కాళ్ళు లోపల పెట్టుకుని పడుకోండి.