వెర్రివాడి వేలిముద్ర

శ్రావణ బహుళ విదియ, శనివారం, పొద్దు బారెడెక్కిన వేళ మా ముత్తాతగారి తాత బుచ్చన్న రాజుగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ కొలువులో అందరినీ నవ్వించే వెర్రివాడు ఆయనే. దివాన్ విస్సన్నగారు అదేదో రాజుగారిచ్చే కానుక పత్రమని చెప్పి ఆయనచేత వేలిముద్ర వేయించుకుని, మా ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టే అరటితోటను తన పేర రాయించుకున్నారు. అంత పెద్దమనిషి ఆయన.

"ప్రభూ, నా తోట నాకు ఇప్పించండి," అన్నాడు బుచ్చన్న.

దివాన్‌గారు చిరునవ్వు నవ్వారు. "వెర్రివాడి మాట కొలువులో చెల్లదని మీ తండ్రిగారి నాటి కట్టుబాటు ప్రభూ. వీడి ఫిర్యాదు వినే పనే లేదు."

రాజుగారు తలూపారు. "నిజమే బుచ్చన్నా. నీ మాట చెల్లదు."

"చిత్తం. దివాన్‌గారి తెలివికి దండం పెట్టాలి. ఇక ఆ పత్రం కూడా చింపించండి ప్రభూ. తోట ఇస్తున్నానని అందులో అన్నదీ ఈ వెర్రివాడే కదా."

దివాన్‌గారు తడబడ్డారు. "వేలిముద్ర వేసిననాడు వీడు తెలివిగానే ఉన్నాడు ప్రభూ."

"అలాగే కానివ్వండి. తెలివిగలవాడి ఫిర్యాదు వినాలి కదా. ఏమని చెప్పి వేలిముద్ర వేయించారో మొదటినుంచీ మనవి చేసుకుంటాను."

దివాన్‌గారే స్వహస్తాలతో పత్రం చించారు.

మర్నాడు పొద్దున్నే మావాళ్లు తోటలో పండిన గెల కోసి దేవుడికి నివేదించారు. నాలుగు పళ్లు దివాన్‌గారింటికీ పంపారు, ఆయన తెలివి పదికాలాలపాటు అలాగే ఉండాలని.